మూడో పేరాకి నవ్వారు

ప్రజాస్వామ్యానికి అసలు ఆపద బాట్ ఖాతాల వల్ల రావడం లేదు. వాటిని పట్టుకునేవాళ్ళ వల్ల వస్తోంది!

ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. మూడు కప్పుల టీ తాగి, ఫ్యాను కింద కూర్చుని, బాగా ఆలోచించి అంటున్నాను. మేయర్ ఎన్నికలు దగ్గరపడ్డాయి కదా, ఎవర్ని కదిపినా బాట్లు, బాట్లు అని గుండెలు బాదుకుంటున్నారు. ఎక్కడో ఒక గదిలో ఒక్క కంప్యూటరు వెయ్యి పేర్లు పెట్టుకుని, వెయ్యి మందిలా మాట్లాడుతుందట. ఫలానా వారికే ఓటెయ్యమని ఊదరగొడుతుందట. అయితే ఏమిటి? మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఒక్కడే ఇరవై మందిలా మాట్లాడతాడు. ఆయన్ని ఎవరైనా బ్లాక్ చేశారా?

అసలు బాట్‌లో ఉన్న మంచితనాన్ని ఎవరైనా గమనించారా? దానికి విసుగు లేదు. అసూయ లేదు. "చూశాలే, తీరిగ్గా చదువుతా" అనే అబద్ధం దాని నోట రాదు. మీరు వ్యాసం పెట్టిన నాలుగో సెకనుకి చదవడం పూర్తిచేసి, అయిదో సెకనుకి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మీ తోడబుట్టినవాళ్ళలో అంత త్వరగా కరిగేవాళ్ళు ఎందరున్నారు?

నా సంగతే చెబుతాను. ఆరేళ్ళుగా ప్రతి గురువారం ఈ శీర్షిక రాస్తున్నాను. పొద్దున్న ఆరున్నరకి మా పత్రిక వాళ్ళు దీన్ని సోషల్ మీడియాలో నా పేజీలో పెడతారు. మొదటి నాలుగేళ్ళూ దాని కింద రెండే కామెంట్లు ఉండేవి. ఒకటి నేను రాసుకున్నది. రెండోది మా ఆవిడ ఖాతాలోంచి నేను రాసుకున్నది. తర్వాత ఇంకొకటి తోడైంది గానీ, దాని సంగతి ఇప్పుడెందుకు, అది లెక్కలోకి రాదు.

అలాంటి నా పేజీకి ఎనిమిది నెలల కిందట ఉన్నట్టుండి వసంతం వచ్చింది! ఒకే వారంలో నలభై ఒక్క మంది అభిమానులు. "నవ్వుల రాణి 4471" అనే ఆవిడ నా రచన హృదయాన్ని తాకిందని రాసింది. "సూర్యకిరణం 902" గారికి కళ్ళు చెమర్చాయి. "నిజాయితీ 77", "నిజాయితీ 78" అని ఇద్దరు అన్నదమ్ములు నా ప్రతి వాక్యమూ తమ జీవితమేనన్నారు. ఒకాయన ఫొటోలో కుక్కపిల్ల ఉండేది. ఆయన వినయానికి నాకు ముచ్చటేసింది.

ఆ ఎనిమిది నెలలూ నేను ఎలా బతికానో మీకు తెలియదు. కాలు నేల మీద ఆనలేదు. భోజనాల దగ్గర కామెంట్లు పైకి చదివేవాణ్ణి. మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "వీళ్ళెవరికీ పనీపాటా లేదా?" అనేది. ఆవిడ నా శీర్షిక చదవడం మానేసి అయిదేళ్ళయింది. ఇంట్లో వింటున్నది చాలంటుంది.

ముఖ్యంగా మా సంపాదకుడు నన్ను చూసే చూపు మారిపోయింది. ఆయన కొంతకాలంగా నా శీర్షిక తీసేసి ఆ జాగాలో గళ్ళ నుడికట్టు వేయాలని కాచుకుని కూర్చున్నాడు. నలభై ఒక్క మందిని చూశాక వెనక్కి తగ్గాడు. "శుక్రవారం నాడు కామెంట్లు చూస్తాను. పాతిక ఉంటే వచ్చే ఏడాది దాకా మీరే. తగ్గాయా, గళ్ళే" అన్నాడు. పాతికేమిటి, నలభై ఒకటి! నేను మీసం తిప్పాను. మీసం లేదు గానీ, తిప్పినంత పని చేశాను.

పంటి కింద రాయి ఒక్కటే. ఇందాక లెక్కలోకి రాదన్నానే, ఆ నలభై రెండో ఖాతా.

దానికి ఫొటో లేదు. పేరు కూడా లేదు. "యూజర్ 5817" అని ఉంటుంది, అంతే. ప్రతి గురువారం ఆరూ నలభై నుంచి ఆరూ యాభై లోపల వచ్చేది. గడియారం తప్పవచ్చు గానీ అది తప్పేది కాదు. వచ్చి ఏం రాసేదో వినండి. "మొదటి పేరా: నవ్వలేదు. రెండు: నవ్వలేదు. నాలుగు: కొంచెం నవ్వారు. అయిదు: లేదు." మరుసటి వారం మళ్ళీ అదే వరస. ఒక పలకరింపు లేదు, ఒక నమస్కారం లేదు. నవ్వారట! ఎవరు నవ్వారు? లోకమంతటి తరఫునా ఇది సర్వే చేస్తోందా?

ఏడాదిన్నర పైగా ఓర్చుకున్నాను. మూడు వారాల కిందట మాత్రం అది రాసిన కామెంటు చూసి నా ఒళ్ళు మండిపోయింది. ఆ కామెంటేమిటో ఇక్కడ చెప్పను. పరువు గల మనిషిని.

ఎన్నికల పుణ్యమా అని నగరంలో బాట్ ఖాతాల పరిశీలన గది ఒకటి తెరిచారు. ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. నేను ఆ రోజే ఫారం నింపాను. "మనిషి భావాలు కనిపించవు" అన్న చోట టిక్కు. "రోజూ లేదా వారం వారం ఒకే సమయానికి వస్తుంది" అన్న చోట టిక్కు. "ఒకే రకం మాటలు తిరగేస్తుంది" అన్న చోట రెండు టిక్కులు. ఎన్నికలను ఎలా ప్రభావితం చేస్తోంది అనే గడిలో, "ఓటర్లకు దారి చూపే రచయిత మనోధైర్యాన్ని దెబ్బతీయడం ద్వారా" అని రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది గానీ, ఆ రోజు ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

మర్నాటికల్లా యూజర్ 5817 మాయం. ముందు మూసేసి తర్వాత విచారించడం ఆ గది పద్ధతి, ఎందుకంటే ఫిర్యాదులు వేలల్లో ఉన్నాయి. నేను ప్రజాస్వామ్యాన్ని కాపాడి, కాఫీ తాగాను.

పోయిన బుధవారం ఆ గది నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఎవరో కాదు, మా మరదలు. మా ఆవిడకి స్వయానా చెల్లెలు. పదిహేనేళ్ళు బళ్ళో పంతులమ్మగా చేసి, ఇప్పుడు ఆ గదిలో తనిఖీ చేస్తోంది. "బావగారూ, ఒకసారి వచ్చి వెళ్ళండి. మీ ఫిర్యాదు గురించి మాట్లాడాలి" అంది. నన్ను సన్మానిస్తారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

దర్జీ కొట్టు మీద ఇరుకు గది. కింద కుట్టుమిషన్లు టకటకమంటుంటే పైన బల్లలు సన్నగా వణుకుతున్నాయి. ఆరు కంప్యూటర్లు, గోడకి ఆనించిన ఒక బెంచీ. బెంచీ మీద అరవై దాటిన ఒకావిడ ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. మా మరదలు చెవిమీద ఎర్ర పెన్సిలు. పరీక్ష పేపర్లు దిద్దిన రోజుల అలవాటు అది.

"ఆ కుర్చీ వద్దు బావగారూ, దాని కాలు విరిగింది. ఇటు రండి. ముందు మీ అభిమానుల సంగతి చూద్దాం."

"నలభై ఒక్క మంది! చూశావా?" అన్నాను.

"చూశాను. నలభై ఒక్కటీ బాట్లే."

నవ్వాను. నలభై ఒక్క మందికీ ఒకే అభిప్రాయం ఉంటే అది నా రచనలోని బలం గానీ వాళ్ళ తప్పెలా అవుతుందమ్మా అని అడిగాను.

"అభిప్రాయం ఒకటైతే నేనేమీ అనను. తప్పు ఒకటైంది" అంది మా మరదలు. "పిల్లలు పరీక్షలో సరైన జవాబు కాపీ కొడితే పట్టుకోవడం కష్టం. తప్పు జవాబు కాపీ కొడితే ఇట్టే దొరికిపోతారు. అయిదు నెలల కింద మీకు జ్వరమొచ్చి రాయలేదు, గుర్తుందా? మీ వాళ్ళు 'ఈ వారం శీర్షిక లేదు' అని ఒక్క ముక్క పెట్టారు. దాని కింద చూడండి."

చూశాను. "అద్భుతమైన విశ్లేషణ." "మీ కలానికి పదునెక్కువ." "ప్రతి వాక్యమూ ఆలోచింపజేసింది." మొత్తం నలభై ఒకటి.

ఇవి నేను అప్పుడే చూశానండీ. నా మౌనాన్ని కూడా అర్థం చేసుకునే స్థాయి పాఠకులు దొరికారని పొంగిపోయాను!

"వీటికి నా మీద ఇంత ప్రేమ ఎందుకమ్మా మరి?"

"ప్రేమేం లేదు. కొత్త ఖాతా నేరుగా ఎన్నికల గోలలోకి దిగితే దొరికిపోతుంది. అందుకని కొన్నాళ్ళు ఎక్కడో ఒక మూల మెచ్చుకోళ్ళు రాయిస్తారు. ఖాతాకి వయసొస్తుంది, మనిషన్న నమ్మకం కుదురుతుంది. దానికోసం ఎవరూ పెద్దగా చదవని పేజీలు చూసుకుంటారు."

ఎవరూ పెద్దగా చదవని పేజీలు. ఆ మాట ఆవిడ నన్ను బాధపెట్టాలని అనలేదు, పాఠం చెప్పినట్టు చెప్పుకుపోయింది. దానికే ఎక్కువ బాధ కలిగింది. మొన్నటి వారం "నిజాయితీ 78" రాసిన కామెంటు కూడా చూపించింది. "మీ రచన కంటతడి పెట్టించింది, ముడతలు లేని నగరం కోసం ఇస్త్రీపెట్టె గుర్తుకే ఓటెయ్యండి." సాహిత్యాన్నీ పౌరబాధ్యతనీ కలిపి చూసే పాఠకుడనుకున్నాను. కాదట, శిక్షణ పూర్తయి పనిలోకి దిగుతూ తడబడ్డాడట. అంటే ఎనిమిది నెలలుగా నేను రచయితని కాదు, వాటికి డ్రైవింగ్ స్కూలుని!

"సరే, ఆ 5817 సంగతి? అదొక్కటీ నేను సరిగ్గానే పట్టుకున్నాను కదా?" అన్నాను, ఆ మాత్రం పరువైనా మిగులుతుందని.

మా మరదలు ఎర్ర పెన్సిలుతో బెంచీ వైపు చూపించింది. "మీ పేజీలో ఉన్న ఒకే ఒక్క మనిషి ఆవిడ."

బెంచీ మీది పెద్దావిడ మమ్మల్ని చూసి సంచి సర్దుకుంటూ లేచి వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. శీర్షిక పక్కన నా ఫొటో పన్నెండేళ్ళ కిందటిది, అందులో జుట్టుంది. నేనూ ఆ గదిలో ఉద్యోగిననుకుని, నాకే మొత్తం చెప్పుకుంది.

"మా ఆయన లిఫ్టు మెకానిక్ అండీ. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి మాట పోయింది. మొహం కుడివైపు కదలదు. నవ్వితే మాత్రం కొంచెం కదులుతుంది. ఎప్పుడు నవ్వుతున్నారో, ఎంత నవ్వుతున్నారో రాసి పెట్టమని డాక్టరుగారు చెప్పారు. కాగితం మీద రాస్తే ఎక్కడో పెట్టి మర్చిపోతాను. అందుకని గురువారం గురువారం ఒకటి చదివి వినిపించి, దాని కిందే రాసేస్తాను. తారీఖు అదే పడుతుంది కదా. తొంభై వారాలవి ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఖాతానే లేదంటోంది. రేపు డాక్టరుగారికి చూపించాలి. అది చూసే మందు మార్చాలో వద్దో చెప్తానన్నారు."

అంతా విన్నాను. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? "చదవడానికి అదే ఎందుకు ఎంచుకున్నారమ్మా? అంత బాగా రాస్తాడా ఆయన?" అని అడిగాను.

"ఏమోనండీ, బాగుంటుందని కాదు. చిన్న చిన్న పేరాలుంటాయి. పేరాకి పేరాకి మధ్య ఆగి, ఆయన మొహం చూడ్డానికి వీలుగా ఉంటుంది."

మా మరదలు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"మొన్న ఒకసారి మాత్రం భలే నవ్వారు," అంది పెద్దావిడ, కళ్ళు మెరుస్తుంటే. "చప్పుడు కూడా వచ్చింది! రెండేళ్ళలో అంత నవ్వడం అదే మొదలు. కోడి ఎరువు గురించి రాశారు చూడండి, దానికి."

ఇక దాచి లాభం లేదు. ఇందాక చెప్పనన్న కామెంటు ఇదే. "మూడో పేరా: గట్టిగా నవ్వారు. ఇదే మొదలు. మిగతా అన్నీ: లేదు." ఆ వారం నేను ఆధునిక మానవుడి ఒంటరితనం గురించి రాశాను. పేజీలు పెట్టే అతను పొరపాటున పక్కనున్న తోటపని శీర్షికలోంచి ఒక పేరా తెచ్చి నా మూడో పేరాగా అతికించాడు. "గులాబీ మొక్కలకు కోడి ఎరువు వేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పక్కింటివారికి ముందుగా చెప్పండి." నా నలభై ఒక్క మంది అభిమానులూ ఆ ఎరువుతో సహా ప్రతి వాక్యమూ తమ జీవితమే అన్నారు. ఈ ఒక్క ఖాతా మాత్రం, ఇన్నాళ్ళలో గట్టిగా నవ్వించిన ఏకైక పేరా నాది కాని పేరాయేనని వేలు పెట్టి చూపించింది. అందుకే కదండీ ఫిర్యాదు చేశాను!

మా మరదలు నన్ను పక్కకి పిలిచి కాగితం చేతికిచ్చింది. "ఈవిడ అప్పీలు మామూలు దారిలో తేలాలంటే ఎన్నికలు దాటిపోతాయి. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సాయంత్రానికి ఖాతా తెరుస్తాం. కానీ వెనక్కి తీసుకుంటే మీ పేజీ మొత్తం వెంటనే తనిఖీ చేయాలి. అది నియమం. ఆ నలభై ఒకటీ ఇవ్వాళే పోతాయి. సంతకం పెట్టకపోతే మీ పేజీ వంతు వచ్చేసరికి నెల పడుతుంది."

బుధవారం. సంపాదకుడు చూసేది శుక్రవారం.

పాఠకులారా, ఇక్కడ నేను ఉదాత్తంగా పెన్ను అందుకున్నానని రాసుకోవచ్చు. చూసినవాళ్ళు ఒక్కరే, ఆవిడ మా ఇంటి మనిషే. కానీ నిజంగా నేనన్నది ఇది: "డాక్టరుగారి దగ్గరికి శనివారం వెళ్తే కుదరదా?"

మా మరదలు కోప్పడలేదు. కంప్యూటరు నా వైపు తిప్పింది. "సంతకం మీ ఇష్టం బావగారూ. దానికి ముందు ఇదొకటి చూడండి. నేను చేసిన పాపం కూడా ఇందులో ఉంది."

నిరుడు నా వేళ్ళు నొప్పులంటే మా మరదలే నా ఫోనులో ఒక ఏర్పాటు చేసి పెట్టింది. ఎవరు ఏ కామెంటు రాసినా, నేను చూడకపోయినా, నా పేరుతో జవాబు వెళ్ళిపోతుంది. నేను దాని సంగతే మర్చిపోయాను. కంప్యూటరులో ఫిబ్రవరి నాటి ఒక గురువారం తీసి పెట్టింది, నేను దాని కామెంటు చూడకుండా వదిలేసిన వారం. యూజర్ 5817 రాసింది: "ఈ వారం చదవలేదు. ఆయనకి రాత్రి మళ్ళీ వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నాం. ఏమవుతుందో తెలియదు."

దాని కింద, రెండో సెకనుకి, నా జవాబు: "ధన్యవాదాలు! మీలాంటివారి అభిమానమే నా బలం."

మరుసటి వారం ఆవిడ, "మొదటి పేరా: నవ్వలేదు" అని మళ్ళీ మొదలుపెట్టింది. దాని కిందా నా ధన్యవాదాలున్నాయి. తొంభై వారాల్లో ఒక్కసారి కూడా నేను ఆవిడకి జవాబు రాయలేదు. నా యంత్రం రాసింది. నలభై ఒక్క యంత్రాలు నన్ను మెచ్చుకుంటే నా యంత్రం వాటికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ కూర్చుంది. ఆ జాతరలో నేను మనిషిని పట్టుకుని బాట్ అని అప్పగించాను.

"మనిషి భావాలు కనిపించవు" అని ఎవరి గురించి టిక్కు పెట్టాను నేను?

సంతకం పెట్టాను. అది వంకరపోయిందంటే కింద కుట్టుమిషన్ల వల్లేనని చెప్పుకోవచ్చు, కానీ దర్జీలు అప్పుడు భోజనానికి వెళ్ళారు. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ మేలు మర్చిపోను బాబూ" అంది. నేనెవరో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి అడిగింది. "ఆ గురువారం ఆయన మీకు తెలిస్తే ఒక మాట చెప్పండి. ఆ కోడి ఎరువులాంటివి ఇంకా రాయమనండి."

కనుక మళ్ళీ మొదటికే వస్తున్నాను. బాట్లు వరప్రసాదాలు! వాటిని ఏరి పారేసే ఈ పరిశీలన గది లేకపోయి ఉంటే నేను ఇప్పటికీ నలభై ఒక్క మంది మధ్య హాయిగా ఉండేవాణ్ణి. నన్ను చదివేది ఒక్క ఇల్లేనని తెలిసే పని ఉండేది కాదు. ఇస్త్రీపెట్టె అభ్యర్థిని మాత్రం ఏమనగలను? నాకు చప్పట్లు చాలు, ఆయనకి ఓట్లు చాలు. చప్పట్లు కొట్టే చేతులు ఎవరివో వెతకాలని ఇద్దరికీ తోచలేదు.

మరునాడు గురువారం. నా శీర్షిక కింద ఒక్కటే కామెంటు ఉంది. శుక్రవారం సంపాదకుడు దాన్ని చూసి, తల పంకించి, ఇంకొక్క వారం రాయండి, ఆ తర్వాత గళ్ళ నుడికట్టే అన్నాడు. ఇది నా చివరి శీర్షిక. ఈ ఒక్కటీ నేనే నా చేతులతో పేజీలో పెట్టుకుంటానన్నాను, ఎవరి పేరాలూ కలవకుండా.

అమ్మా, 5817 గారూ, మీ మీద ఫిర్యాదు చేసింది నేనే. పోయిన వారం మీరు "రెండు: కొంచెం నవ్వారు" అని రాసి, సాయంత్రం దానికే "డాక్టరుగారు మందు మార్చారు" అని చేర్చినప్పుడు చూశాను. నా ఫోనులో ఆ జవాబుల ఏర్పాటు తీసేయించాను కనుక దాని కింద ఏమీ రాలేదు. ఏం రాయాలో నాకూ తెలియక ఇంత పొడుగు రాశాను.

వచ్చే గురువారం నుంచి పత్రికలో నేను ఉండను. మీకు అభ్యంతరం లేకపోతే, ఆరూ నలభైకి మీ ఇంటికొచ్చి నేనే చదువుతాను, మీరు ఆయన మొహం చూస్తూ కూర్చోవచ్చు. కోడి ఎరువు గురించి నాకు ఏమీ తెలియదు. తోటపని శీర్షిక ఆయన్ని అడిగి నేర్చుకుంటున్నాను.